కాకి ముట్టని కేకు

మొన్న మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక నోటీసు వచ్చింది. పక్క ప్లాటులో పునాదుల కోసం రాయి పేలుస్తారట. మధ్యాహ్నం కాసేపు కిటికీలు మూసుకుని, పిల్లల్నీ కుక్కల్నీ లోపల ఉంచుకోవాలట. దాని కింద ఒకాయన దండం పెడుతున్న బొమ్మ పెట్టాడు. ఒకావిడ తన కుక్కకు గుండె నీరసమని, వీలైతే పేలుడు నెమ్మదిగా చేయమని రాసింది. నేను ఏమీ రాయలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, ఓవెన్ ఆపి ఉందో లేదో చూసి వచ్చాను. అందులో ఏమీ లేదు. ఏమీ లేదని నాకు ముందే తెలుసు.

కొండాపూర్‌లో ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు "ఒకప్పుడు ఇక్కడ ఏమీ ఉండేది కాదు" అంటుంటారు. ఆ ఏమీ లేనిచోటే నేను పెరిగాను.

మా నాయన చందానగర్ అవతల ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ పక్కన కిరాయిలు ఎక్కువని, ఇక్కడ గుట్ట పక్కన ఒక రేకుల ఇల్లు చూశాడు. హైదరాబాద్‌లో ఉంటున్నామని ఊళ్లో బంధువులకు గొప్పగా చెప్పుకునేవాళ్లం. వచ్చి చూసిపోయినవాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు.

గుట్ట అంటే పచ్చని కొండ కాదు. ఒకదాని మీద ఒకటి నిలబడిన రాతిగుండ్లు. ఎవరో తీరిగ్గా పేరుస్తూ, అన్నానికి పిలుపొస్తే మధ్యలో వదిలేసి పోయినట్టుండేవి. సందుల్లో సీతాఫలం చెట్లు, తొండలు, సెలవుల్లో నేనూ మా తమ్ముడూ. పొద్దు వాలాక ఆ గుండ్ల వేడి మా గోడల మీదికి వచ్చేది. కాలిన రాయి వాసన ఒకటి ఉంటుంది. పెనం మీద ఏమీ వేయకుండా మరిచిపోతే వస్తుందే, దాదాపు అలాంటిది. నా చిన్నతనం మొత్తం ఆ వాసనే.

సీతాఫలాలు కళ్లు విచ్చుకోకముందే కోసుకొచ్చి బియ్యం డబ్బాలో దాచేవాళ్లం. మాగాయో లేదోనని తమ్ముడు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కదాన్నీ వేలితో నొక్కి చూసేవాడు. అందువల్ల మా ఇంట్లో కాయలు మాగేవి కావు, నలిగేవి.

ఒక ఏడాది వానలు వెనకబట్టాక గుట్ట దగ్గరికి యంత్రాలు వచ్చాయి. గుండ్లకు బొక్కలు వేసి, తూటాలు పెట్టి, మధ్యాహ్నం అందరి భోజనాలయ్యాక పేల్చేవాళ్లు. అప్పటికి మా ఇంటికి వచ్చి ఉన్న అవ్వ, అంటే మా అమ్మ వాళ్లమ్మ, గడపలో కూర్చుని ఇదంతా చూసేది.

"ఈ బండలు పగలగొట్టి ఏం ఏస్తారంట అల్లుడా?"

"ఆఫీసులంట అత్తా," అన్నాడు నాయన.

"ఆఫీసుల్లో ఏం పండుతాది?"

"నాకూ తెలీదత్తా."

ఇన్నేళ్లుగా ఆ ఆఫీసుల్లోనే పనిచేస్తున్నాను. అవ్వ ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

పేలుడుకు ముందు ఈల ఊది, ఎర్రజెండా ఊపి, జనాన్ని దూరం పంపడానికి ఒక ముసలాయన ఉండేవాడు. పాలమూరు వైపు మనిషి. మేము జెండాతాత అనేవాళ్లం. ఎప్పుడు చూసినా రాతిపిండి కొట్టుకుపోయి, తలా కనుబొమలూ మీసమూ చొక్కా అన్నీ ఒకటే తెలుపు. "పక్కకు పోండ్రి, పేలుతది" అని ఆయన అరిస్తే మా వీధి మొత్తం లోపలికి పోయేది. తర్వాత నేల కింద ఎవరో తలుపు గట్టిగా వేసినట్టు ఒక దెబ్బ. రేకుల మీద గులకరాళ్లు. ఆ తర్వాత వచ్చేది అసలైనది. కుక్క మొరగదు, గేదె అరవదు, పక్క ఇంట్లో పసిబిడ్డ కూడా ఏడుపు మధ్యలో ఆపేస్తాడు. ప్రపంచం ఊపిరి బిగబట్టి, ఎవరో ఏదో చెప్పబోతున్నట్టు వింటుండేది. ఎవరూ ఏమీ చెప్పేవాళ్లు కాదు.

మా పక్కింట్లో గేదెలు పెట్టుకుని పాలు అమ్మే ఆమెను మేము పాలత్త అనేవాళ్లం. ఆమె ఆ నిశ్శబ్దానికి ఒక కారణం చెప్పింది.

"గుట్టకు పాణం ఉంటది బిడ్డా. దాని పాణం పోతాంటే పక్కపొంటి ఉన్నోళ్ల ఊపిరి జర గుంజుకుంటది. గంతే."

ఆమె "గంతే" అన్న తీరుకు తమ్ముడు వారం రోజులు నోరు మూసుకుని పడుకున్నాడు.

అవ్వ మా ఇంటికి ఊరికే రాలేదు. చిన్నమ్మకు తోడుగా వచ్చింది.

చిన్నమ్మ అమ్మకు చెల్లెలు. కడప వైపు ఒక చిన్న ఊళ్లో ఉండేది. ఆమెకు ఒక్కడే కొడుకు. మెదడువాపు జ్వరం వచ్చి పోయాడు. నాలుగో పుట్టినరోజు ఇంకా రాలేదు. వాడి పేరు ఇంట్లో పలకకూడదని మాకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ పలకలేదు, అంతే. ఇప్పుడు నేనూ పలకను.

ఆమెను తీసుకొచ్చి దింపిన రోజు చిన్నాయన మా అమ్మతో అన్న మాటలు నాకు గుర్తు.

"కొన్నాళ్లు మీ కాడ ఉండనీ వదినా. ఆ ఇంట్లో వాడు ఆడిన తావున కాలు పెట్టదు. వాడు ఆడని తావు యాడుంది? నడిచేదానికి దోవే లేకుండా పోయింది."

చిన్నమ్మ మా ఇంట్లో బాగానే నడిచేది. వంట చేసేది, బట్టలు ఉతికేది, నాకు జడ వేసేది. అన్నం కూడా తినేది. తీపి మాత్రం ముట్టేది కాదు. పాయసం, బెల్లం, చివరికి కాఫీలో చక్కెర కూడా వద్దనేది. కాశీకి పోయినవాళ్లు ఏదో ఒక కూర వదిలేసి వస్తారు గదా, ఆమె అలా ఎక్కడికీ పోకుండానే వదిలేసింది. అవ్వకు ఇదే పెద్ద బెంగ.

"నోరు చేదయితే మనిషే చేదయిపోతాది అమ్మీ," అనేది.

"గమ్మునుండుమా," అనేది చిన్నమ్మ.

ఈల వినబడితే మాత్రం చిన్నమ్మ మనిషి మారిపోయేది. ఎక్కడున్నా పరుగున వచ్చి, నన్నూ తమ్ముణ్ణీ లోపలికి లాగి, తలల మీద చెయ్యేసి, "అందరూ లోపలికొచ్చినారా?" అనేది. మేము ఇద్దరమే. ఇద్దరమూ ఆమె చేతుల కిందే ఉండేవాళ్లం. అయినా ఆమె ఇంకాసేపు వాకిలివైపు చూస్తూ ఉండేది. మేమూ చూసేవాళ్లం. మధ్యాహ్నపు ఎండలో ఖాళీ వాకిలిని అంత జాగ్రత్తగా చూడకూడదని అప్పుడే నేర్చుకున్నాను.

ఒకరోజు ఉన్నట్టుండి చిన్నమ్మ అమ్మను పాత కుక్కర్ అడిగింది.

"దేనికే?"

"కేకు చేస్తా."

అమ్మ అటక మీదినుంచి కుక్కర్ దింపి ఇచ్చింది. చెల్లెలు అడిగితే ఆ రోజు అటక కూడా ఊడదీసి ఇచ్చి ఉండేది.

కేకుకు ముందు సామాను కావాలి. చిన్నమ్మ మమ్మల్ని బస్సులో చందానగర్ తీసుకుపోయింది. ఆ బజారు నాకు అప్పట్లో లండన్‌తో సమానం. ఒక బేకరీ ముందు నిలబడితే కాలిన వెన్న, యాలకులు, టీ ఆవిరి కలిసి మనిషిని కాలర్ పట్టుకుని లోపలికి లాగేవి. మాకు చెరో బిస్కెట్ కొనిపెట్టింది. ఉప్పూ తీపీ ఒకే బిస్కెట్లో ఉండొచ్చని ఆ రోజే తెలిసింది. తమ్ముడు సగం తిని, మిగతా సగం జేబులో దాచి, ఇంటికి వచ్చేసరికి పొడి చేసుకున్నాడు. ఆ పొడిని రెండు రోజులు వేలితో అద్దుకుని తిన్నాడు. దాచుకోవడంలో వాడికి మొదటినుంచీ యోగం లేదు.

మైదా, డాల్డా, వంటసోడా, గుడ్లు, చిన్న సీసాలో వెనిలా ఎసెన్సు. ఆ సీసా మూత తీస్తే బస్సంతా పెళ్లిల్లు అయింది. కండక్టరు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఇంటికి వచ్చాక ఎవరూ చూడకుండా తమ్ముడు ఒక మూతెడు తాగాడు. వాసనకూ రుచికీ సంబంధం ఉండనక్కర్లేదన్న సత్యం వాడికి అంత చిన్న వయసులోనే బోధపడింది. సాయంత్రం దాకా పుక్కిలిస్తూనే ఉన్నాడు. అయినా వాడి తుమ్ములు రెండు రోజుల దాకా ఐస్‌క్రీమ్ వాసన వచ్చాయి.

కేకు చేసే పద్ధతి చిన్నమ్మకు వాళ్ల ఊళ్లో పక్కింటి నర్సమ్మ నేర్పిందట. కుక్కర్ అడుగున ఇసుక పోయాలి. మూతకు రబ్బరు తీసేయాలి, పైన బరువు పెట్టకూడదు. ఇసుక వేడెక్కాక పిండి పోసిన గిన్నెను అందులో కూర్చోబెట్టి మూత పెట్టాలి. ఇసుకకు మాకు కొదవలేదు, గుట్ట దగ్గర కుప్పలు పోసి ఉండేది. పిండి జల్లెడతోనే ఇసుకనూ జల్లించడం చూసి అవ్వ కాసేపు కళ్లు మూసుకుంది.

పిండి కలుపుతూ చిన్నమ్మ అమ్మతో చెప్పింది. అంతకుముందు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

"ఇంటి ఓనరోళ్ల పిల్లోని పుట్టినరోజుకు పోయినాం అక్కా. వాళ్లు కొవ్వొత్తి ఊది కోసినారు. నాకూ ఊదేది కావాలని ఒకటే పోరు. నీ పుట్టినరోజు రానీలే, చేస్తా అన్యా. నర్సమ్మ కాడ నేర్చుకున్యా. అంతలోకే జ్వరం."

అమ్మ పిండి గిన్నె అందుకుని తిప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు తిప్పింది. ఆ కేకు అంత బాగా పొంగడానికి అదొక కారణం కావచ్చు.

అంత బాగా పొంగిన కేకు మధ్యలో గుంట పడింది. పొంగుతున్నప్పుడే గుట్ట మీద పేలుడు అయింది. తీసి చూస్తే పళ్లెం లాంటి కేకు. రెండోసారీ అంతే. ఆ తర్వాతా అంతే. మాది వత్తుల స్టవ్వు, ఒకటే. పొద్దున నాయన డ్యూటీకి, మాకు వంట. సాయంత్రం మళ్లీ వంట. స్టవ్వు ఖాళీగా ఉండేది మధ్యాహ్నమే, పేలుడూ మధ్యాహ్నమే.

గుంట ఎందుకు పడుతోందో ఇంట్లో తలా ఒకటి చెప్పారు. అమ్మ వత్తులు మార్చింది. అవ్వ దిష్టి అంది. పాలత్త గుట్ట ఊపిరి గుంజుకుంటోందని అంది. నాయన వచ్చి, చూసి, గుంటైనా బాగానే ఉందని ఇంకో ముక్క అడిగాడు. నేల అదిరితే పొంగింది కుంగుతుందని చివరికి అందరం ఒప్పుకున్నాం. అది శాస్త్రీయంగా కూడా వినబడింది.

గుంట వల్ల మా తమ్ముడి పేరు చిరస్థాయిగా నిలిచే ఒక ఆవిష్కరణ జరిగింది. నలిగిన సీతాఫలాల గుజ్జు, గింజలు తీసి, పాలత్త ఇచ్చిన మీగడలో కలిపి ఆ గుంటలో పోశాడు. అంత రుచి నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. అందరం చుట్టూ కూర్చుని చెంచాలతో తవ్వుకు తినేవాళ్లం. చిన్నమ్మ మాకు నీళ్లు పోసేది. ముక్క కూడా నోట్లో వేసుకునేది కాదు.

దసరా సెలవులు వచ్చాయి. చిన్నమ్మ కొడుకు పుట్టినరోజు ఆ సెలవుల్లోనే. ముందు రోజు పొద్దున చిన్నమ్మ అవ్వ దగ్గర కూర్చుంది. మేము గుమ్మం పక్కన సీతాఫలం గింజలతో ఆడుకుంటున్నాం.

"మా, వానికి ఏమీ చేయలేదు గదా మనం."

"చిన్నబిడ్డలకు తద్దినాలుండవు అమ్మీ. దేవుని కాడికి నేరుగా పోతారంట. మనం పెట్టాల్సిన పనిలేదంట."

"దేవుని సంగతి కాదుమా. నాకు ఉండాది పని. రేపు గుంట పడని కేకు ఒకటి చేసి కాకికి పెడతా. కాకి ముడితే వాడు తిన్యట్టే. ఆ తర్వాత నువ్వు ఏం తినమంటే అది తింటా," అంది.

"కేకు యాడన్నా కాకికి పెడతారంటే?" అంది అవ్వ. కాసేపు తన చేతులు చూసుకుంది. "పెట్టు," అంది.

"పేలుడు లేనప్పుడు, తెల్లారగట్ల చేసుకోరాదా?" అని అమ్మ లోపలినుంచి అడిగింది.

"వాడు పుట్టింది మధ్యాహ్నం అక్కా. వేడిగా ఉన్నప్పుడే ఊదాలంట. వాని రూలు."

కాబట్టి పేలుడే వాయిదా పడాలి. ఇంట్లో ఈ సంగతి అర్థమైంది మా ఇద్దరికే. ఆ సాయంత్రం జెండాతాత దగ్గరికి వెళ్లాం. గుండు నీడలో కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"తాతా, రేపు మధ్యాహ్నం పేలుడు కొంచెం లేటుగా పెడతావా?" అన్నాను.

"ఏమొచ్చె?"

"మా ఇంట్లో కేకు చేస్తున్నాం. పేలితే గుంట పడుతుంది."

"నేను పేలుస్తున్నదే గుంట కోసం బిడ్డా." నవ్వలేదు. "ఎవలి పుట్టినరోజు? గీ పోరనిదా?"

"నాది కాదు," అన్నాడు తమ్ముడు. "మా చిన్నమ్మ కొడుకుది."

ఇంకేమైనా అంటాడేమోనని వాడి చెయ్యి గిల్లాను. జెండాతాత బీడీ రాయికి నలిపాడు.

"నా చేతుల ఈల ఉంది, జెండ ఉంది. మందు మేస్త్రి చేతుల ఉంటది. మేస్త్రికి సేటు చెప్తడు. సేటుకు ఎవలు చెప్తరో నాకు తెల్వదు. అయినా అడుగుత తీయి. పిల్లగాని పుట్టినరోజు అంటున్నరు, జర లేటుగ కాల్చమంట."

మాకు అది ప్రభుత్వ ఉత్తర్వుతో సమానం.

మరునాడు చిన్నమ్మ తలస్నానం చేసి, అమ్మను కూడా దగ్గరికి రానివ్వకుండా ఒక్కతే పిండి కలిపింది. కుక్కర్ మీద మూత పడగానే ఇంట్లో అందరూ చప్పుడు చేయకుండా నడవడం మొదలుపెట్టారు, జ్వరం ఉన్న ఇంట్లో లాగా. మాకు ఊపిరాడక గుట్ట మీదికి పోయాం. పేలుడు ఆలస్యమని మాకు తెలుసు గదా. ఆ పక్క గుండ్ల సందులో కళ్లు విచ్చుకున్న సీతాఫలం కూడా ఒకటి కనబడింది.

కాయ చేతికి అందే లోపల ఈల మోగింది. రోజూ మోగే వేళకే.

సేటు ఒప్పుకోలేదో, మేస్త్రి మరిచిపోయాడో. జెండాతాతకు మేము అక్కడున్నామని తెలియదు. ఆయన గుట్ట అవతలి వైపున అరుస్తున్నాడు. మేము పరుగెత్తాం. తమ్ముడి చెప్పు ఊడి, వాడు దానికోసం వెనక్కి తిరిగాడు. అప్పుడు చిన్నమ్మ కనబడింది. కాళ్లకు చెప్పులు లేవు, ఆరని జుట్టు విడిపోయి ఉంది, మోచేతుల దాకా మైదా. వాణ్ణి నడుం దగ్గర పట్టి ఎత్తుకుని, నన్ను జుట్టు పట్టుకుని లాగుతూ పాలత్త కొట్టంలో పడేసింది. గేదెల మధ్య మమ్మల్ని కింద అదిమి, మా మీద వంగి కూర్చుంది.

నేల కింద తలుపు వేసుకుంది. కొట్టం రేకుల మీద రాళ్లు పడ్డాయి. తర్వాత ఆ నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో చిన్నమ్మ గుండె నా వీపుకు వినబడింది. ఆమె వాకిలివైపు చూస్తుందని ఎదురుచూశాను. చూడలేదు. మా ఇద్దరి ముఖాలూ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, కొత్తవాటిలాగా చూసింది. తర్వాత ఇద్దర్నీ చెరొకటి కొట్టింది. గట్టిగానే.

"కేకు," అన్నాడు తమ్ముడు ఏడుస్తూ.

ఇంటికి వచ్చేసరికి అవ్వ స్టవ్వు ముందు కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"తియ్యబోయినా అమ్మీ. నీ బిడ్డ కేకు, నువ్వు లేకుండా ముట్టేదెందుకులే అని ఊరకున్యా," అంది.

చిన్నమ్మ పైట చెంగుతో మూత ఎత్తింది. వెనిలా ఆవిరి ముఖాన కొట్టింది. కేకు నిండుగా, గుండ్రంగా, గుట్ట మీది పై గుండు లాగా పొంగి ఉంది. ఎక్కడా చిన్న చొట్ట కూడా లేదు.

పేలుడు రోజూ అంత పెద్దదే. ఇల్లు రోజులాగే అదిరింది, అలమరలో గ్లాసులు పక్కకు జరిగి ఉన్నాయి. ఒక్కటే తేడా. రోజూ పేలుడు అవగానే చిన్నమ్మ పరుగున వచ్చి, ఏమయిందోనని మూత తీసి చూసేది. ఈరోజు ఆమె గేదెల కొట్టంలో ఉంది.

అందరికంటే ముందు ఆమెకే అర్థమయింది.

"నేనే," అంది. "నేనే తీసి తీసి చూసి పాడు చేస్తాండా." మూత ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "వాన్ని కూడా అంతే మా. దుప్పటి తీసి తీసి చూసేదాన్ని. నిద్రపోతాంటే లేపి, నొసలు పట్టుకుని."

అవ్వ లేచి నిలబడింది. అవ్వ అంత తొందరగా లేవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"చూడకుండా ఉండే తల్లి యాడుంది మే? అది పిండి, కుంగింది. వాడు బిడ్డ. నువ్వు చూసినందుకు పోలేదు వాడు. నువ్వు చూస్తాండావని అన్ని దినాలు ఉన్యాడు."

చిన్నమ్మ కేకును పళ్లెంలోకి బోర్లించింది.

కొవ్వొత్తి ఒకటి వెలిగించింది. ఎవరు ఊదాలో తెలియక అందరం చూస్తూ ఉంటే, వాకిట్లోంచి గాలి వచ్చి ఆర్పేసింది. తమ్ముడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అది మామూలు గాలే. ఆ మాట అప్పుడు వాడికి చెప్పాను. ఇప్పటికీ అప్పుడప్పుడు నాకు నేను చెప్పుకుంటాను.

చిన్నమ్మ పెద్ద ముక్క కోసి, విస్తరాకు తుంపి, అందులో పెట్టి ప్రహరీగోడ మీద ఉంచింది. మేమంతా అరుగు మీద వరుసగా కూర్చున్నాం. కాకి కోసం.

కాకి రాలేదు.

అవ్వ "కా కా" అని పిలిచింది. తమ్ముడు కాకిలాగా అరిచాడు. వాడు బాగా అరుస్తాడు. మామూలుగా అయితే మనిషి తినే అన్నంలోకి వచ్చే కాకులు, ఒక్కటీ లేదు. అప్పుడు గమనించాం, కొన్నాళ్లుగా మా వీధిలో కాకి కూతే లేదని. పాలత్త గోడ అవతలినుంచి తొంగిచూసింది.

"కాకులు యాడియమ్మా? పేలుడు సురువైనప్పటి సంది చెరువు దిక్కు పోయినయి. ఇగ రావు."

ఎండ గోడ మీదినుంచి జరిగిపోతోంది. ముక్క అంచులు ఎండుతున్నాయి. పాలత్త కోడిపెట్టను తెద్దామా అని తమ్ముడు రహస్యంగా అడిగాడు. అవ్వ చూసిన చూపుకు మళ్లీ అడగలేదు. చిన్నమ్మ ముఖంలో ఇందాక వచ్చిన మనిషి మెల్లగా వెనక్కి వెళ్లిపోతుండడం నాకు కనబడుతోంది. ఈసారి వెళితే మళ్లీ కుక్కర్ కూడా అడగదని అందరికీ తెలుసు.

అప్పుడు గోడ అవతల ఒక తెల్లని తల లేచింది. తెల్ల కనుబొమలు, తెల్ల మీసం. జెండాతాత. మేము గుట్ట మీద ఉన్నామన్న సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, చూసిపోదామని వచ్చాడు.

"పిల్లలు మంచిగున్నరా అమ్మా? మేస్త్రి నా మాట ఇనలే. నాకైతే పాణం పరేషానయింది."

"బాగుండారు," అంది అమ్మ.

ఆయన మమ్మల్నిద్దర్నీ చూసి ఊపిరి వదిలాడు. ఆ గోడ మీద అమ్మ అప్పుడప్పుడు పనివాళ్లకు మజ్జిగ, కాస్త పచ్చడన్నం పెట్టేది. జెండాతాతకు ఆ గోడ అలవాటే. విస్తరాకు చూశాడు. తనకోసమే పెట్టారనుకున్నాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకుని, ముక్క తీసుకుని, మేము నోరు తెరిచేలోపల సగం కొరికేశాడు.

అమ్మ లేవబోయింది. అవ్వ ఆమె మోకాలి మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

ఆయన కళ్లు మూసుకుని నమిలాడు. మిగిలిన సగం కూడా తిన్నాడు. ఆకు మీద రాలిన పొడి వేలితో అద్దుకుని తిన్నాడు.

"మంచిగయిందమ్మా," అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు మా వెనక ఇంట్లోకి చూశాడు. "ఏడీ, పుట్టినరోజు పిల్లగాడు?"

రోజూ పేలుడు తర్వాత వచ్చే నిశ్శబ్దం ఆ రోజు రెండోసారి వచ్చింది. ఈసారి తూటా లేకుండా. తమ్ముడు నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

చిన్నమ్మ ఆయన్నే చూస్తోంది.

"ఆడుకోను పోయినాడు," అంది.

"గుట్ట దిక్కా?"

"ఊఁ."

"పోనీ తీయమ్మా. ఇయ్యాల్టికి పేలుడు అయిపాయె. ఇగ ఫికర్ లేదు. ఆడుకోనీ."

ఆయన వెళ్లిపోయాడు. గోడ మీద తెల్లని చేతి అచ్చులు రెండు మిగిలాయి. చిన్నమ్మ లేచి లోపలికి వెళ్లింది. కేకు పళ్లెం తెచ్చి మా మధ్యలో పెట్టి కూర్చుంది. అందరికీ కోసి పెట్టింది. చివరి ముక్క చేతిలో పట్టుకుని, కొంచెం తుంపి, నోట్లో వేసుకుంది. మేమెవరం ఆమెను చూడనట్టు చాలా కష్టపడి నటించాం.

"ఇసక తగులుతాంది," అంది కాసేపటికి. ఇంకో ముక్క తుంపుకుంది.

అవ్వ పైట కళ్లకు అడ్డం పెట్టుకుని, ఎండ ఎక్కువగా ఉందని అంది. అప్పటికి ఎండ పోయింది.

ఆ గుట్ట ఆ తర్వాత ఎంతోకాలం లేదు. దాని చోట లేచిన అద్దాల మేడలో నేను కొన్నాళ్లు పనిచేశాను. మీటింగుల్లో ఎవరో ఒకరు తెర మీద గీతలు చూపిస్తూ మాట్లాడుతుంటే నేను కిటికీ బయట చూస్తుండేదాన్ని. మేము కాయలు కోసిన పై గుండు ఇక్కడే ఉండేది, ఈ అద్దానికి అవతల, ఇప్పుడు ఉత్త గాలి ఉన్నచోట. గుట్ట మీదికి ఆడుకోవడానికి పోయినవాళ్లు, గుట్టే లేకపోతే ఎక్కడినుంచి దిగి వస్తారు? మా కంపెనీలో దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు. నేను ఎవర్నీ అడగలేదనుకోండి.

చిన్నమ్మ ఇప్పుడు లేదు. ఆమె అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. అది అబద్ధమేనని నాకింకా గట్టిగా నమ్మకం కుదరలేదు.